బార్డోలీ నుంచి వచ్చిన ఎడమ చెయ్యి

నేను పన్నెండో తరగతి చదివిన ఏడాది మాకు బడి అంటే ఫోనే. మగ్గాల పనికని కరీంనగర్ దిక్కు నుంచి గుజరాతీల ఊరు అమ్రోలికి వచ్చిన మాది రెండు గదుల ఇల్లు. ముందు గదిలో అమ్మ కుట్టుమిషన్, దాని పక్కన గోడకు ఆనుకుని నేను, నా పుస్తకాలు. బాపు పనిచేసే మగ్గాల కార్ఖానాను లాక్‌డౌన్ తర్వాత తెరిచారు గానీ సగం మగ్గాలే నడిచేవి. అందుకని ఆయన ఒక వారం పనికి వెళ్తే మరుసటి వారం ఇంట్లో ఉండేవాడు. ఖాళీగా కూర్చోవడం ఆయనకు చేతకాదు. నా పాఠాలు ఆయనకు కాలక్షేపం అయిపోయాయి.

మా లెక్కల సారు గుజరాతీ ఆయన. బడి మూతపడగానే సొంతూరు బార్డోలీకి వెళ్లిపోయి అక్కడి నుంచే చదువు చెప్పేవాడు. లైవ్ క్లాసు పెడితే నెట్‌వర్క్ మాటిమాటికీ తెగిపోతోందని, వీడియోలు తీసి మా వాట్సాప్ గ్రూపులో వేసేవాడు. బోర్డు మీద చెప్పే పాఠాలను ఆయన భార్య ఫోన్ పట్టుకుని తీసేది. మధ్యలో కుక్కర్ కూత వేస్తే ఫోన్ కాసేపు ఎవరి చేతిలోనూ లేనట్టు ఊగేది. చిన్న సందేహాలకు మాత్రం ఆయనే కుర్చీలో కూర్చుని, సెల్ఫీ తీసుకున్నట్టు ఫోన్ ఎదురుగా పెట్టుకుని జవాబు చెప్పి పంపేవాడు.

చలికాలం మొదట్లో వెక్టర్ల పాఠం వచ్చింది. మా గుజరాతీ పుస్తకంలో వెక్టర్‌ను సదిశ అంటారు. తెలుగులోనూ అదే మాట అని కరీంనగర్‌లో ఇంటర్ చదివే మా మేనమామ కూతురు చెబితే, తెలియని ఊళ్లో మనవాళ్లు ఎదురైనంత సంతోషపడ్డాను. రెండు సదిశలను ఒక రకంగా గుణిస్తే ఉత్త సంఖ్య వస్తుంది. ఇంకో రకంగా, అంటే క్రాస్ ప్రొడక్ట్ చేస్తే, మూడో సదిశ పుడుతుంది. అది మొదటి రెండింటికీ లంబంగా ఉంటుంది. బల్ల మీద రెండు పెన్నులు అడ్డదిడ్డంగా పడేస్తే, వాటి మధ్యలోంచి మూడో పెన్ను నిట్టనిలువుగా లేచి నిలబడ్డట్టు.

బాపు ఇది విని చాలాసేపు ఆలోచించాడు. "లేస్తే లేచింది గని, అది మీదికి లేవాల్నా, కిందికి పోవాల్నా? దానికెవరు చెప్తరు బిడ్డా?" అన్నాడు.

మంచి ప్రశ్నే. గ్రూపులో ఎవరో అదే అడిగారు కూడా. సారు కుర్చీలో కూర్చుని ఒక చిన్న వీడియో పంపాడు. చెయ్యి తెరిచి పట్టుకుని, వేళ్లను మొదటి సదిశ వైపు చాపి, రెండో దాని వైపు ముడిచాడు. అప్పుడు బొటనవేలు ఎటు చూపిస్తే జవాబు అటు. ఏ చెయ్యో మాటల్లో చెప్పలేదు, చూపిస్తున్నాను కదా అనుకుని ఉంటాడు. వీడియోలో ఆ చెయ్యి నా కుడివైపు కనిపిస్తోంది. నేను జాగ్రత్తగా లెక్క వేసుకున్నాను. ఎదురుగా కూర్చున్న మనిషికి నా కుడివైపు కనిపించేది ఎడమ చెయ్యి. కాబట్టి ఎడమ చెయ్యే పెట్టాలి. బాపు కూడా ఎడమ చెయ్యి పెట్టాడు.

తిప్పలు అక్కడ మొదలయ్యాయి. పుస్తకంలో చెప్పినట్టు అంకెలను మూడు వరసల్లో పేర్చి, డిటర్మినెంటు వేసి చేస్తే జవాబు పైకి వచ్చేది. చెయ్యి పెట్టి చూస్తే కిందికి వచ్చేది. ఇంకో లెక్క తీసుకుంటే అది తూర్పు అంటే ఇది పడమర అనేది. డిటర్మినెంటులో నడుమ పదానికి మైనస్ గుర్తు మరిచిపోతున్నానేమో అని మళ్లీ మళ్లీ చేశాను. మరిచిపోలేదు. ఆల్థాన్‌లో ఉండే నా స్నేహితురాలికి ఫోన్ చేస్తే, తనకూ అంతేనని, తను చెయ్యి పెట్టడం మానేసిందని చెప్పింది. సారును అడిగితే మైనస్ గుర్తు చూసుకోమ్మా అన్నాడు. అది తప్ప అన్నీ చూశాననుకున్నాడు పాపం.

వారం రోజులు ఇదే గొడవ. అన్నం తింటూ బాపు ఎడమ చెయ్యి గాల్లో ముడిచి చూసేవాడు. అమ్మకు మా ఇద్దరినీ చూస్తే నవ్వు. ఆమె ఆ రోజుల్లో చీరలకు లేసు కుట్టే పని లేక మాస్కులు కుట్టేది. అంతకుముందు మా వాడలో సగం మంది మగవాళ్లకు అంగీలు కుట్టిన మనిషి.

ఒక రోజు పొద్దున నేను ఆ వీడియోను ఆపి ఆపి చూస్తున్నాను. అమ్మ దారం మార్చుకుంటూ నా భుజం మీంచి తొంగిచూసింది.

"మీ సారు అంగీ ఎవరు కుట్టిన్రే? జేబు కుడిదిక్కు పెట్టిండు. గుండీలు గూడ ఆడోళ్లకు పెట్టినట్టు పెట్టిండు," అంది.

మొదట నేనూ నవ్వాను. తర్వాత నవ్వు ఆగిపోయింది. ఆయన బోర్డు పాఠం వీడియో తెరిచాను. అదే నీలం గీతల అంగీ. జేబు ఎడమవైపే ఉంది. మళ్లీ కుర్చీ వీడియో తెరిచాను. జేబు కుడివైపు. చేతికి గడియారం ఒకదాంట్లో ఎడమ మణికట్టుకు, ఇంకోదాంట్లో కుడి మణికట్టుకు.

సారు ఫోన్ బొమ్మను తిరగేస్తోందేమో అని బాపును పిలిచి, మా ఫోన్ ముందు కెమెరాతో నా కుడిచెయ్యి వీడియో తీసి చూశాను. మా ఫోన్‌లో సరిగానే వచ్చింది.  అయినా అనుమానం తీరక సెట్టింగుల్లో వెతికితే అద్దంలోలాగా తీయాలా వద్దా అని ఒక మీట కనిపించింది. దాన్ని నొక్కి మళ్లీ తీస్తే నా కుడిచెయ్యి ఎడమచెయ్యి అయిపోయింది. సారు ఫోన్‌లో ఆ మీట నొక్కే ఉందన్నమాట. ఆయన చూపించింది కుడిచెయ్యే, మా దాకా వచ్చేసరికి ఎడమది అయింది. నేను కుడిచెయ్యి పెట్టి లెక్కలన్నీ మళ్లీ చూశాను. ఒక్కొక్కటీ డిటర్మినెంటుతో కలిసిపోతుంటే, బాపు పక్కన కూర్చుని ప్రతిదానికీ తల ఊపాడు.

సారుకు చెప్పాలంటే భయం వేసింది. తప్పు పడుతున్నాననుకుంటాడేమో. గ్రూపులో పెట్టొద్దు, ఫోన్ చేసి చెప్పు, అది మర్యాద అన్నాడు బాపు. చేశాను. విషయం జేబు దగ్గర మొదలుపెట్టి చెప్పాను.  అవతల ఆయన భార్యను పిలవడం, ఆమెకు మొత్తం మళ్లీ చెప్పడం, ఇద్దరూ నవ్వడం వినిపించింది. ఆమె ఎంతసేపు నవ్విందంటే, సారు ఫోన్ తీసుకుని వేరే గదిలోకి వెళ్లాల్సి వచ్చింది.

ఆ సాయంత్రమే కొత్త వీడియో వచ్చింది. ఈసారి కుడిచేతికి ఎర్ర దారం కట్టుకుని, ఇది కుడి, ఇది కుడి అని రెండుసార్లు చెప్పాడు. తప్పు పట్టుకున్నది మా ఇంట్లో అని కూడా చెప్పాడు. అమ్మ ఆ ముక్కను ఇరుగుపొరుగు అందరికీ వినిపించింది.

ఆ వీడియో చివర్లో సారు ఇంకో మాట అన్నాడు. చెయ్యి తారుమారైతే సదిశ ఎదురు దిక్కుకు తిరుగుతుంది గానీ, దాని పొడవు మారదు, అది నిలిచే గీత మారదు. అందుకే రెండు రేఖల మధ్య అతి తక్కువ దూరం కట్టేటప్పుడు ఏ చెయ్యి పెట్టినా దూరం ఒకటే వస్తుంది. నమ్మకపోతే మీ ఇళ్లలోనే ఒకదాన్నొకటి తాకని, సమాంతరంగా కూడా లేని రెండు గీతలు వెతికి, లెక్క కట్టి, కొలిచి చూడండి అన్నాడు.

బాపు అప్పటికే చెప్పులు తొడుక్కున్నాడు. మా డాబా మీద బట్టలు ఆరేసే తీగ తూర్పు పడమరలుగా ఉంటుంది. దాని మీదుగా టీవీ కేబులు దక్షిణం పిట్టగోడ నుంచి నీళ్ల ట్యాంకు పైకి ఏటవాలుగా పోతుంది. రెండూ ఎక్కడా తాకవు. నైరుతి మూలను సున్నా అనుకుని, టేపుతో తూర్పుకెంత, ఉత్తరానికెంత, ఎత్తెంత అని కొలుచుకున్నాం. తీగ ఉత్తరానికి నాలుగడుగుల దూరంలో, ఐదడుగుల ఎత్తున ఉంది. కేబులు పిట్టగోడ దగ్గర మూడడుగుల ఎత్తున మొదలై, ఉత్తరానికి నాలుగడుగులు పోయినప్పుడల్లా మూడడుగులు లేస్తోంది, తూర్పుకు రెండడుగులు జరుగుతోంది.

నేను అక్కడే నేల మీద సుద్దతో రాశాను. రెండు గీతల దిక్కులకూ క్రాస్ ప్రొడక్ట్ చేస్తే, దక్షిణానికి మూడు, పైకి నాలుగు వచ్చింది. దాని పొడవు ఐదు. తీగ మీది ఒక చోటు నుంచి కేబులు మీది ఒక చోటుకు గీత గీసి, అది ఈ దిక్కులో ఎంత పోతుందో చూస్తే చాలు. అడుగులో ఐదింట నాలుగు వంతులు వచ్చింది. అంటే తొమ్మిదిన్నర అంగుళాలు, కాస్త ఎక్కువ.

బాపు అప్పటికే కార్ఖానా నూలు దారం తెచ్చి కేబులు నుంచి తీగ మీదికి నిలువుగా వదిలాడు. అడుగుకు ఒక పిసరు ఎక్కువ వచ్చింది.

"నిలువుగ పట్టినదాని కన్న తక్కువ ఎట్లయితది? నీ లెక్కల ఏదో పోయింది," అన్నాడు.

నేనూ అలాగే అనుకున్నాను. లెక్క మళ్లీ చేశాను, అదే వచ్చింది. అప్పుడు ఆ జవాబులోని దిక్కు గుర్తొచ్చింది. ఉత్త పైకి కాదు, దక్షిణానికి మూడు, పైకి నాలుగు. దారాన్ని తీగ దగ్గర అలాగే పట్టుకుని, పై కొసను పిట్టగోడ వైపు జరపమని బాపుతో అన్నాను. ఆయన కేబులు మీద కొంచెం కొంచెంగా కిందికి జరిపాడు, నేను కూడా తీగ మీద కొంచెం పడమరకు జరిగాను. దారం వదులవుతూ వచ్చింది. ఒకచోట ఇంక వదులు కాలేదు. అక్కడ బిగించి కొలిస్తే పది అంగుళాలకు ఒక పిసరు తక్కువ. తీగ కాస్త కుంగి ఉంది కదా, ఆ తేడా.

బాపు దారం వదలకుండా అలాగే నిలబడి, "ఏటవాలుగ ఉన్నదానికి దగ్గరితోవ గూడ ఏటవాలే," అని తనలో తాను అనుకున్నాడు. అమ్మ తడిబట్టల బక్కెట్టుతో పైకొచ్చి, తీగ ఖాళీ చేయమంది. చేశాం.

ఆ తర్వాత వేసవిలో అందరికీ చెడ్డ రోజులు వచ్చాయి. సారుకూ జ్వరం వచ్చింది, గ్రూపు మూగబోయింది. రోజూ పొద్దున బాపు, మీ సారు ఏమన్న పెట్టిండా అని అడిగేవాడు. చాలా రోజులకు, నేను బాగున్నాను, నాలుగో అధ్యాయం తిరగేయండి అని సారు మెసేజి పెట్టాడు. ఆ రోజు అమ్మ సేమ్యా వండింది.

ఇంతా చేస్తే బోర్డు పరీక్షలు రద్దయ్యాయి. పాత మార్కులు చూసి పాస్ చేస్తామన్నారు. వాడలో పిల్లలంతా చిందులేశారు. నేను ఏడ్చాను, నవ్వొచ్చే ఏడుపే గానీ నిజంగానే ఏడ్చాను. ఆల్థాన్ స్నేహితురాలు ఫోన్ చేసి తను కూడా ఏడ్చానంది. మా బాధ సారుకు ఎవరు చెప్పారో తర్వాత తెలిసింది. నన్ను అడగకుండా బాపే వచ్చీరాని గుజరాతీలో ఫోన్ చేసి, పిల్లకు పరీక్ష కావాలంట అన్నాడట.

సారు మా ఇద్దరికోసమే ప్రశ్నపత్రం చేతితో రాసి పంపాడు. ఒక ఆదివారం నేను ముందు గదిలో, తను ఆల్థాన్‌లో, ఒకే సమయానికి రాయడం మొదలుపెట్టాం. మూడు గంటలసేపు అమ్మ మిషన్ తొక్కలేదు. బాపు ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకుని గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చున్నాడు. కిందింటి ఆమె చక్కెర అడగడానికి వస్తే, లోపల ఎగ్జామ్ నడుస్తుందని మెల్లగా చెప్పి పంపించేశాడు.

నాకు అయిదు మార్కులు పోయాయి, సంభావ్యతలో. త్రిపరిమాణ జ్యామితిలో ఒక్కటీ పోలేదు. ఆల్థాన్ పిల్లకు నాకంటే రెండు ఎక్కువ వచ్చాయి. బాపుకు అది నచ్చలేదు. మరో పేపరు పంపమని సారుకు చెప్పమంటావా అని రెండు రోజులు నా వెంటపడ్డాడు.