అబద్ధం పెట్టి దువా చెయ్యని ఖాలా

మొన్న శుక్రవారం పొద్దున మా పక్కింటి ఖాలా పోయింది. ఖాలా అంటే ఉర్దూలో పిన్ని. కార్ఖానా అనే మా పేటలో, మా సందులో చిన్నా పెద్దా అందరికీ ఆవిడ ఖాలాయే. వాళ్ళ కొడుకు ఫోన్ పెట్టేశాక నాకు ఏడుపు కంటే ముందు సిగ్గు వేసింది. ఎందుకో మీకు చెప్పాలి.

ఆవిడ చీరలకు ఫాల్ కుట్టేది. మూడేళ్ళ కిందట మావారికి కడుపులో కేన్సర్ అని తేలినప్పుడు, ఆ మాట ఇంట్లో ఎవరి నోటా రాకూడదని మా అత్తగారు కట్టడి చేశారు. ఆయనకు అల్సర్ అని చెప్పాం. ఆస్పత్రి ఫైలు మీద జబ్బు పేరు ఉంది కదా అని, స్కూలు పుస్తకాలకు వేసినట్టు దానికి బ్రౌన్ అట్ట వేశాను. ఆయన అది చూసి, మూలలు సరిగ్గా మడవలేదని విప్పి తనే మళ్ళీ వేసిచ్చారు. అప్పుడైనా నాకు అర్థం కావద్దూ? ఉన్న తెలివంతా ఎవరికి ఏ అబద్ధం చెప్పానో గుర్తు పెట్టుకోవడానికే సరిపోయేది. వంటింట్లో కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చేదాన్ని. మూడు గదుల ఇంట్లో ముగ్గురం ఒకరి మొహం ఒకరు చూడకుండా తిరిగేవాళ్ళం.

ఖాలా రోజూ సాయంత్రం కుట్టు సంచితో వచ్చేది. ఎలా ఉందని ఎప్పుడూ అడగలేదు. ఏం తిన్నాడు, ఎంత తిన్నాడు, అంతే. మోండా మార్కెట్‌కి వెళ్తే ఆయనకని మెత్తటి బొప్పాయి ఏరి తెచ్చేది. ఒకరోజు ఆయన ముందే అడిగాను, మావారి అల్సర్ తగ్గాలని నమాజులో దువా చెయ్యమని. ఖాలా సూది ఆపింది.

“అబద్ధం పెట్టి దువా చేసుడు నాతోని గాదు బిడ్డా. బీమారి అసల్ పేరు చెప్పు.”

మంచం మీంచి మావారే అన్నారు, “కేన్సర్ ఖాలా. మా ఇంట్లోవాళ్ళకి తెలీదులెండి, మెల్లగా చెప్పండి.”

ఆ సాయంత్రం మా ఇద్దరి ఏడుపునీ ఖాలా ఆపలేదు. చేతిలో ఉన్న ఫాల్ పూర్తి చేసుకుని వెళ్ళిపోయింది. మర్నాడు గడపలో నిలబడి తన సంగతి చెప్పింది. ఆవిడ భర్తకూ ఇదే జబ్బట. ఆయనకు తెలియకుండా తనే దాచిందట. చివర్లో ఆయన ఏం చెప్పాలనుకున్నాడో వినకుండానే పోగొట్టుకున్నానంది.

మావారు ఆ తర్వాత నాలుగు నెలలున్నారు. భయమేస్తోందని నాతో చెప్పుకున్నారు, నాకూ వేస్తోందని నేను చెప్పాను. ఆ నాలుగు నెలలూ నాకు ఖాలా పెట్టిన భిక్ష.

ఎవరింట్లో ఈ జబ్బని విన్నా ఖాలా కాప్రా దాకానైనా బస్సెక్కి వెళ్ళేది. నన్నూ తోడు తీసుకెళ్ళేది. “పేషెంటును తర్వాత చూద్దాం. ముందు దాచేటోళ్లను జెర చూడాలె, వాళ్లకు ఊపిరాడదు,” అనేది.

ఈ వానాకాలంలో ఖాలాకే వచ్చింది. కొడుకులు ఆవిడకి గ్యాస్ అని చెప్పారు. పెద్దబ్బాయి నన్ను మెట్ల దగ్గరే ఆపి, అమ్మీ గుండె తట్టుకోలేదు, చెప్పొద్దని చేతులు పట్టుకున్నాడు. కన్నకొడుకులు వాళ్ళు, నేనెవర్ని? మాటిచ్చేశాను. రోజూ వెళ్ళేదాన్ని. గదిలో ఎప్పుడూ ఎవరో ఒకరు ఉండేవాళ్ళు. నాకు అదే మేలనిపించేది.

పోవడానికి నాలుగు రోజుల ముందు, కోడల్ని నీళ్ళకని పంపి ఖాలా నా చెయ్యి పట్టుకుంది.

“నువ్వన్న చెప్పు బిడ్డా. నాకేమైంది?”

చెప్పేద్దామని దగ్గరికి వంగాను. గుమ్మం తెర కింద కొడుకు పాదాలు కనిపించాయి.

“గ్యాస్ ఖాలా. తగ్గిపోతుంది,” అన్నాను.

ఆవిడ నా మొహంలోకి చాలాసేపు చూసింది. దాచేవాళ్ళ ఇళ్ళకు వెళ్ళినప్పుడు వాళ్ళని అలాగే చూసేది. “సరే బిడ్డా, పరేషాన్ గాకు,” అని, ఎముకలు తేలిన చేత్తో నా వీపు నిమిరింది. కోడలు నీళ్ళు తెచ్చేదాకా నిమురుతూనే ఉంది.