బుల్లెమ్మ రెండో కేకు

ప్రోతరాపూర్‌లో కన్నారావు పడవలు బాగుచేసే వడ్రంగి. డిసెంబరు రాగానే వెదురు చీల్చి క్రిస్మస్ నక్షత్రం కడతాడు. ఇనుప తీగ వాడడు. ఉప్పుగాలికి తుప్పు పట్టి కాగితాన్ని చింపేస్తుందని, ప్రతి ముడీ నూలుతాడుతోనే వేస్తాడు. చర్చి కుర్రకారు ఆ నక్షత్రం పట్టుకుని ఇంటింటికీ తిరిగి పాడతారు. తర్వాత కన్నారావు దాన్ని తన పెరట్లో పొడుగాటి గెడకు కట్టి, పండగ మర్నాడు దించేస్తాడు.

2004లో ఒక్క ఇల్లు మిగిలిపోయింది. దిగువ వీధి బుల్లెమ్మది. ఆమె కొడుకు గోపీచంద్ సరుకుల బోటులో ఖలాసీ. సరుకులతో కార్ నికోబార్ దీవికి వెళ్లాడు.

"నా గుంటడు లేకుండా నా గుమ్మంలో పాటేటి? ఇరవయ్యారున వచ్చేస్తాడు. అప్పుడు రండి, కేకు దాసుంచుతాను," అంది బుల్లెమ్మ.

"అలాగే వదినా. వచ్చి పాడతాం," అని కన్నారావు మాటిచ్చాడు.

ఇరవయ్యారు ఆదివారం. ఆరాధనకు వెళ్లేలోగా నక్షత్రం దించుదామని నిచ్చెన వేశాడు. రెండు మెట్లు ఎక్కేసరికి నేల ఊగింది. నిచ్చెన ఒకపక్క పడింది, అతనొకపక్క పడ్డాడు. కాసేపటికి సముద్రం ఊళ్లోకొచ్చిందన్న కబురు. కరెంటు పోయింది. గోపీచంద్ బోటు సంగతి, బోట్లు ఆగే ఫీనిక్స్ బే జెట్టీలో ఎవరూ చెప్పలేకపోయారు.

బుల్లెమ్మ తిండి మానేసి గుమ్మంలో కూర్చుంది. "పండగతోపాటు దేవుడు కూడా ఎల్లిపోయినాడు కన్నారావూ," అంది.

ఓదార్చడం కన్నారావుకు చేతకాదు. ఇంటికొచ్చి పాలపొడి డబ్బా కత్తిరించి రేకు గొట్టం చేశాడు. పొగ పోవడానికి పైన కంతలు పొడిచాడు. లోపల కిరసనాయిలు దీపం పెట్టి, కాగితానికి సెగ తగలకుండా నక్షత్రం నడుమ బిగించాడు. రోజూ దించి నూనె పోయడానికి గెడకు కప్పీ వేశాడు.

పాటల జట్టులో డోలు వాయించే ధనరాజు అది చూసి, "క్యా భయ్యా, పండగ ఖతం. ఊరంతా ఏడుస్తుంటే స్టార్ ఏంటి?" అన్నాడు.

"ఇంకో ఇల్లుంది కదా. పని సగంలో వదిలేస్తామా?"

"గోపీ రాకపోతే?"

"అప్పుడూ పాడతాం. ఆవిడతోపాటు ఏడుస్తూ పాడతాం."

సందెవేళకు నక్షత్రం వెలిగింది. దిగువ వీధికి బాగా కనబడేది. మూడోనాడు బుల్లెమ్మ సీసా పట్టుకుని మెట్ట ఎక్కి పైకి వచ్చింది. "నూనె సాలదేమోనని," అంది. ఆ పూట కన్నారావు ఇంట్లో రెండు ముద్దలు తింది.

ముప్పయ్యొకటిన బోటు వచ్చింది.

"లోతు నీళ్లలో ఉన్నాం బాబాయ్, అల మా కిందనుంచే పోయింది, తెలీనేలేదు. ఆ తర్వాత మనుషుల్ని ఎక్కించుకుంటూ తిరిగాం," అన్నాడు గోపీచంద్ కన్నారావుతో.

సాయంత్రం జట్టు బుల్లెమ్మ గుమ్మంలో నిలబడింది. చుట్టూ దుఃఖంలో ఉన్నవాళ్లు ఉన్నారని ధనరాజు డోలు మీద వేళ్లతోనే మెల్లగా తట్టాడు. ఇల్లు కొట్టుకుపోయి ఎదురింట్లో తలదాచుకున్న ఎరుకమ్మ బయటికొచ్చింది. "గట్టిగా కొట్టు బాబూ, నాకూ వినపడాలి," అంది. ఇంక డోలు ఆగలేదు.

కేకు రాయైపోయింది. "అమ్మా, ఇది కేకా, లంగరా?" అన్నాడు గోపీచంద్. ధనరాజు, "కన్నారావు భయ్యా, నీ ఉలి తే!" అన్నాడు. నిజంగానే ఉలితో కొట్టి, టీలో ముంచుకుని తిన్నారు.

అప్పటినుంచి బుల్లెమ్మ ఏటా రెండు కేకులు చేస్తుంది. రెండోది పండగనాడు డ్యూటీలో ఉన్నవాళ్లకు. బోటువాళ్లు, ఆసుపత్రివాళ్లు సెలవు దొరికి ఇల్లు చేరాక జట్టు వెళ్లి పాడుతుంది. ఆఖరి ఇల్లు అయ్యేదాకా నక్షత్రం దిగదు.

ఒక ఏడు ఆ ఆఖరి ఇల్లు డెలానీపూర్‌లో నర్సు పద్మినిది. అప్పటికి జనవరి తొమ్మిది.

"పండగైపోయిందనుకున్నాను పిన్నీ," అంది పద్మిని, తలుపు తీస్తూనే.

"నీ ఇల్లు మిగిలుండగా ఎలాగైపోతాదే?" అంటూ బుల్లెమ్మ కేకు చేతిలో పెట్టింది. "ముందు టీ పెట్టు. కొంచెం గట్టిబడింది."