తుమ్మకంప దడి

మొన్న సైనిక్‌పురిలో మా అమ్మాయి ఇంటికి నర్సరీ ఆయన ఎండు మేకపెంట బస్తా తెచ్చి మేడమీద కుండీల పక్కన దించి వెళ్లాడు. బస్తా మూతి విప్పగానే మా అమ్మాయి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది, నేను మాత్రం కుర్చీ లాక్కుని అక్కడే కూర్చున్నాను. ఎండుగడ్డీ, తడిసిన నేలా, మేక ఒంటి మురుగూ కలిసిన ఆ ఘాటు వాసనంటే నాకు అసహ్యమూ లేదు, ఇష్టమూ లేదు. ఎనభై దాటాక ఇష్టాయిష్టాలకు కూడా ఓపిక కావాలి. నాకు మొక్కలంటే ప్రాణమని ఇంట్లో అందరి నమ్మకం, ఎక్కడికైనా వెళ్తే కుండీలన్నీ నాకు అప్పగించి మరీ పోతారు. నేనూ ఎప్పుడూ కాదనలేదు. నిజం చెప్పాలంటే నీళ్లు మోసి మోసి నా నడుము ఎనిమిదేళ్లు నిండకముందే అలసిపోయింది.

చిలకలగూడలో మేము ఒక పెంకుటింట్లో ఒక వాటాలో ఉండేవాళ్లం. రెండో వాటాలో హలీమా పెద్దమ్మ ఉండేది. దర్జీ పని చేసే భర్త పోయాక ఆయన మిషను ముందు తనే కూర్చుని, వాడంతటికీ రవికెలూ లంగాలూ కుట్టి, ఒక్క కొడుకు యూసుఫును పెంచి పెద్దచేసింది. వాళ్లది వరంగల్ వైపు ఏదో పల్లె, ఇంట్లో కూడా తెలుగే మాట్లాడుకునేవాళ్లు. రెండు వాటాలకూ వెనక ఒకటే పెరడు, మధ్యలో గోడ లేదు. ఆ పెరట్లో చెట్లు మా అమ్మవి, జీవాలు పెద్దమ్మవి. ఆమె మేక వేసిన పెంట మా పాదులకు, మా కూరల తొక్కలూ ముదురాకులూ ఆమె మేకకు. కూర్చుని మాట్లాడుకున్న ఒప్పందమేమీ కాదు, నాకు తెలివి వచ్చేనాటికే అలా నడుస్తోంది.

మృగశిర చినుకులు పడగానే నాయిన మోండా మార్కెట్ నుంచి కాగితపు పొట్లాల్లో విత్తనాలు తెచ్చేవాడు. బీర, కాకర, పొట్ల, సొర, చిక్కుడు అన్నీ అమ్మ తడిగుడ్డలో మూటగట్టి, మొలక తెల్లగా తొంగిచూశాక మట్టిలో పెట్టేది. శ్రావణమాసానికి సొరతీగ పెంకుల మీదికి పాకి, కాయ ఎక్కడుందో నిచ్చెన వేసుకుని వెతకాల్సి వచ్చేది. పొట్లకాయ వంకర తిరగకుండా కొసకు చిన్న రాయి కట్టడం, చిక్కుడుకు పేనుబంక పడితే పొద్దున్నే మంచు ఆరకముందు పొయ్యిబూడిద చల్లడం నా పనులు. ఆ బూడిద సగం నా జుట్టులోనే పడేది, అమ్మ చూసి కళ్లు మండేలా కుంకుడుకాయ రసంతో తల రుద్దేది. పుంటికూర మడి, మిరపమొక్కలు, బావి గట్టుకు ఆనుకుని మరువం, కనకాంబరాలు, సాయంత్రం విచ్చే మల్లె, వీటన్నిటికీ నీళ్లు చేది పోసేది నేనే. వాడలో పిల్లలు తొక్కుడుబిళ్ల ఆడుతుంటే నేను బిందె చంకనెత్తుకుని పెరట్లో తిరిగేదాన్ని, అందుకే తొక్కుడుబిళ్ల నాకు ఈనాటికీ సరిగా రాదు. దానికి బదులు లేత బీరకాయ తొక్కుతో రోటి పచ్చడి, సొరకాయ తురిమి కలిపి గిన్నెకు తట్టి కాల్చిన సర్వపిండిలో అడుగున కరకరలాడుతూ నువ్వులు తగిలే ఆ ముక్క నా పళ్లెంలోకే వచ్చేవి.

జీవాల సంగతి చెప్పాలంటే ముందు మేక గురించే చెప్పాలి. తెల్లటి ఒళ్లు, చెవుల మీద గోధుమరంగు మచ్చలు. అది నడిచే తీరు చూసి మా నాయిన దానికి బేగం అని పేరు పెట్టాడు. పెద్దమ్మ మొదట కోపగించుకుని, తర్వాత తనూ అలాగే పిలిచింది. నాలుగు కోళ్లు మడుల్లో పురుగులు ఏరుకు తినేవి, వాటితో పాటు మొలకలు కూడా గీకి పారేసేవి. మాకు కాలూ అని ఒక నల్లకుక్క ఉండేది, కాపలా కోసం తెచ్చుకున్నాం గానీ అది పగలంతా బేగం పక్కన డొక్కకు డొక్క ఆనించి పడుకునేది. రంజాన్‌కు పెద్దమ్మ సేమ్యా చేసి గిన్నె పంపితే, అడుగున మిగిలిన పాలు నాకిన తర్వాతే కాలూ ఆ గిన్నెను నన్ను తోమనిచ్చేది.

ఆ పెరట్లో నాదంటూ ఒక్క మడి ఉండేది. బంతి మడి. బతుకమ్మకు వాడలో అందరికంటే ఎత్తుగా పేర్చాలని నా పట్టుదల. అంతకుముందు ఏడాది సరిగ్గా మొగ్గవేసే వేళకు బేగం తాడు తెంపుకుని వచ్చి మడి మొత్తం మేసేసింది. ఆ ఏడు గునుగుపువ్వూ, ఎవరో జాలితలచి ఇచ్చిన నాలుగు బంతిపూలూ పెట్టి నా బతుకమ్మ జానెడైనా లేవలేదు. పక్కింటి పిల్లలు నవ్వారు. మేకను కొట్టబోతే పెద్దమ్మ చేతులు అడ్డం పెట్టి, "నోరులేని జీవం బిడ్డా, దాని మీదేంది కోపం" అంది. నాకు ఆ మేక మీద కోపం పోలేదు. ఏడాదంతా దాచుకున్నాను.

మరుసటి ఏడే పోలీసు యాక్షన్. దానికి ముందు నెలల్లో పెద్దవాళ్లు గొంతు తగ్గించి మాట్లాడుకునేవాళ్లు, రైలుస్టేషను వైపు మూటలు నెత్తిన పెట్టుకుని పోయేవాళ్లను నేను పెరటి సందులోంచి చూసేదాన్ని. రజాకార్ల గుంపులు వీధిలో కేకలు వేసుకుంటూ పోయిన రోజుల్లో హలీమా పెద్దమ్మ తన మిషనును మా గుమ్మం ముందుకు లాక్కొచ్చి, అది తన ఇల్లే అన్నట్టు కుట్టుకుంటూ కూర్చునేది. గుంపు దాటిపోయాక దారం కొరికి, మిషను మళ్లీ లోపలికి లాక్కుపోయేది. అమ్మ కృతజ్ఞత చెప్పడం నేను వినలేదు, ఆమె అడగడమూ వినలేదు.

భాద్రపదం వానల్లో తమ్ముడు పుట్టాడు. మంత్రసానిని తీసుకొచ్చింది పెద్దమ్మే. అమ్మకు పాలు చాలలేదు. రోజూ పొద్దున్నే బేగం పాలు చెంబులో పిండి పెద్దమ్మ బావిగట్టు మీద పెడితే, నేను తెచ్చి కాచి ఇచ్చేదాన్ని. తమ్ముడికి పట్టుమని పదిరోజులు కూడా నిండకముందే మిలిటరీ వచ్చిందన్నారు, నైజాం లొంగిపోయాడన్నారు. రోడ్డు మీద లారీలు పోతుంటే వాడవాళ్లు పూలు తీసుకుని పరుగెత్తారు. ఆ రోజు నుంచి పెద్దమ్మ వీధి తలుపు తెరవలేదు. పాల చెంబు మాత్రం గట్టు మీదికి వచ్చేది.

నైజాం ఫౌజులో సిపాయిగా ఉన్న యూసుఫు మూడోనాడు మామూలు బట్టల్లో, గడ్డం మాసి ఇంటికి చేరాడు. నేను చిక్కుడు పాదు కింద కూర్చుని ఉండగా వాళ్ల మాటలు వినిపించాయి. ఔరంగాబాదులో తన అత్తగారింటికి పోదాం రమ్మని కొడుకు బతిమాలుతున్నాడు. "గీ తక్లీఫుల నువ్వొక్కదానివి ఎట్లుంటవమ్మీ" అన్నాడు. పెద్దమ్మ తొణకలేదు. "ఒక్కదాన్ని ఎందుకైతరా, పక్కపొంటి మనోళ్లు లేరా? బాలింతరాలికి పాలెవలిస్తరు? నేను రాను" అంది. రెండు రోజులు అదే వాదన, అదే జవాబు.

ఇళ్లలో చొరబడుతున్నారని, ఫౌజువాళ్ల ఇళ్లు వెతుకుతున్నారని పుకార్లు. పెద్దమ్మ వైపు పెరటికి మూడు దిక్కులా గోడ ఉంది గానీ, మా సగానికి వెనక సందులోంచి దారి ఉండేది. బావి మా వైపే ఉంది. వాడంతా నీళ్లకు ఆ దారినే వచ్చేవాళ్లు, మూసేయడానికి లేదు. అందుకని రైల్వే వర్క్‌షాపులో రాత్రీపగలూ పనిచేసి వచ్చిన నాయిన, కళ్లు ఎర్రబడి నిలబడలేకపోతూ కూడా, ఎక్కడినుంచో తుమ్మకంప ఈడ్చుకొచ్చి, పెరటి మధ్యలో గుంజలు పాతి దడి కట్టాడు. ఒక మూల బిందె అందించేంత సందు వదిలాడు. బావి ఇవతలే ఉండిపోయింది కనక ఆమెకు నీళ్లు నేను చేది ఇవ్వాలి. దడి కట్టి, అన్నం కూడా తినకుండా మళ్లీ డ్యూటీకి వెళ్లిపోయాడు.

అమ్మ బాలింత, గది గడప దాటకూడదు. నన్ను మంచం దగ్గరికి పిలిచి నెమ్మదిగా చెప్పింది. "నీళ్లిచ్చేటప్పుడు హలీమక్కకు చెప్పు. సందు దిక్కు నుంచి ఎవలన్న వస్తరని నీ కోసమే ఏసినం, నాలుగొద్దులైతే తీసేస్తం, మనసుల వేరే పెట్టుకోకు అన్నదని చెప్పు. మర్సిపోకు."

మరిచిపోలేదు. అదే నా బాధ. బిందె మోసుకుంటూ ఆ మాటలన్నీ వరుసగా అనుకుంటూనే వెళ్లాను. దడి అవతల బేగం మెడ చాచి మా వైపు చూస్తోంది, ఇవతల నా బంతిమడి, పచ్చటి మొగ్గలు కందిగింజంత ఉన్నాయి. ముందురోజే ఆ మేక మూడు మొక్కలు కొరికేసింది. సందులోంచి బిందె అందుకుంటూ పెద్దమ్మ అడిగింది.

"దడి ఎందుకేసిండ్రు బిడ్డా?"

"మీ మేక నా బంతిచెట్లు తింటున్నది గద. ఇంక రాదు" అన్నాను.

"అమ్మనే ఏయమన్నదా?"

"ఆ, అమ్మనే" అన్నాను. అది అబద్ధం కాదు కదా అని అప్పుడే నాకు నేను చెప్పుకున్నాను కూడా. మిగతా మాట తర్వాత చెబుదాంలే అనుకున్నాను. ఏడాదిగా దాచుకున్న కోపం తీరినందుకు లోపల హాయిగా ఉంది, ఆ హాయి కాసేపు చెడకూడదనిపించింది.

పెద్దమ్మ బిందె కింద పెట్టి దడిని ఆ చివరి నుంచి ఈ చివరిదాకా చూసింది. తర్వాత బావి వైపు చూసింది. "మంచిది బిడ్డా, చెట్లు పైలం" అంది. ఆమె గొంతులో కోపం లేదు. చాలా అలసట ఉంది, అది నాకు అర్థం కావడానికి ఎన్నో ఏళ్లు పట్టింది.

మర్నాడు తెల్లవారగానే వీధిలో జట్కా చప్పుడు వినిపించింది. నేను లేచి పెరట్లోకి వెళ్లేసరికి అవతల కోళ్లు లేవు, తలుపుకు తాళం ఉంది. బేగం దడి సందులోంచి మా వైపుకు వచ్చి ఉంది. దాని తాడు మా గుంజకు కట్టి ఉంది. పక్కన పాలచెంబు, దాని మీద తామరాకు, ఆకు ఎగిరిపోకుండా ఒక రాయి. చెంబు ఇంకా వెచ్చగానే ఉంది.

"ఏమన్న చెప్పిపోయిందా?" అని అమ్మ మంచం మీద నుంచే అడిగింది. లేదన్నట్టు తల ఊపాను. అమ్మ తమ్ముణ్ని అటు తిప్పి పడుకోబెట్టింది. సాయంత్రం నాయిన వచ్చి సంగతి విని, బట్టలు కూడా మార్చుకోకుండా దడి పీకేశాడు. ఆ కంప వారం రోజులు మా నీళ్లపొయ్యిలోకి వచ్చింది. తాడు విప్పగానే బేగం పోయి ఆ మూసిన తలుపు ముందు నిలబడి అరిచేది. కాలూ దాని పక్కన పడుకునేది. మేత వేస్తే తినేది కాదు, రెండు రోజుల తర్వాత తింది, పాలూ ఇచ్చింది. నా బంతిమడి జోలికి మాత్రం మళ్లీ వెళ్లలేదు. ఎందుకో నాకు తెలియదు, మేకలకు ఏం తెలుస్తుందో ఎవరు చెప్పగలరు.

ఆ ఏడు బంతి విరగబూసింది. నా బతుకమ్మ వాడలో అందరికంటే ఎత్తు లేచింది, ఇద్దరు పట్టుకుంటే గానీ కదల్లేదు. ఆడవాళ్లంతా మెచ్చుకున్నారు, సత్తుపిండి ముద్దలు నా చేతిలో రెండేసి పెట్టారు. పాట మధ్యలో నేను వలయంలోంచి బయటికి వచ్చి అరుగు మీద కూర్చున్నాను. కాళ్లు నొప్పులని చెప్పాను. మరుసటి ఏడు బంతి వేయలేదు, ఆ తర్వాత ఎన్నడూ వేయలేదు.

ఔరంగాబాదు నుంచి వాళ్లు ఇంకా ఎక్కడికో పోయారని ఎవరో అన్నారు. ఉత్తరం రాలేదు, మాకు చిరునామా తెలియదు. అమ్మ చివరి రోజుల్లో, జ్ఞాపకాలన్నీ కలగాపులగమైపోయిన వేళ, ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి తేటగా అడిగింది. "దడి సంగతి నేను చెప్పమన్నట్లే హలీమక్కకు చెప్పినవు గదనే?" అప్పటికి నాకు మనవలు పుట్టారు. చెప్పేస్తే ఏమవుతుందని ఒక్క క్షణం అనుకున్నాను. "చెప్పిననమ్మా" అన్నాను. అమ్మ ఊపిరి పీల్చుకుని, "అయితే ఆమెనే మనల్ని నమ్మలే" అని గోడవైపు తిరిగింది. అలా అనుకుంటూనే పోయింది. అనుకోనిచ్చాను.

చిలకలగూడలో ఆ పెరటి చోట ఇప్పుడు నాలుగంతస్తుల ఇల్లు లేచింది. బావి పూడ్చి దాని మీద స్కూటర్లు నిలుపుతున్నారు. మేక పాలు తాగి బతికిన మా తమ్ముడు రిటైరై, పాలే పడవని డాక్టరు చెప్పాడంటూ నల్లటీ తాగుతాడు. వాడికీ ఇది చెప్పలేదు. దడి ఎందుకు కట్టామో తెలిసిన మా అమ్మ పోయింది, నాయిన పోయాడు, తెలియకుండానే వెళ్లిపోయిన హలీమా పెద్దమ్మ ఏ మట్టిలో ఉందో. మా అమ్మాయి కుండీలకు పెంట వేస్తూ, "ఈసారి బంతి వేద్దామా అమ్మా?" అంటోంది. నాకు ఓపిక లేదన్నాను. ఆ మాట అది నమ్మింది.