కృపక్క మెట్లెక్కదు

మా ఎల్లారెడ్డి ఊళ్లె కృపాజ్యోతక్క మెట్లెక్కదు. అంతే! పైన ఎంత పెద్ద సారన్న ఉండనీ, కిందికి దిగాల్సిందే.

పోలియోతోని చిన్నప్పుడే రెండు కాళ్లు పడిపోయినయ్. నోరు మాత్రం పడిపోలే. నా పేరు మార్కండేయ, ఆటో నడుపుత. పదేండ్ల సంది అక్క నా బండిలనే తిరుగుతది. ఏ ఆఫీసు ముంగట ఆపినా ఒక్కటే మాట: "హారన్ కొట్టు!"

ఎవరన్న దిగొచ్చేదాంక కొట్టాలె. మూడు హారన్లు కాలిపోయినయ్. బ్రేకులకన్న గవ్వే ఎక్కువ మార్పిచ్చిన.

ఓపారి రాజంపేటల పెండ్లి. స్టేజీకి ఆరు మెట్లు. "హారన్ కొట్టు!" బాజాలు ఆగిపోయినయ్. పిల్లా పిలగాడు దండలతోని ఆటో కాడికొచ్చి అక్షింతలు ఏపిచ్చుకున్నరు. ఫొటోలల్ల వాళ్లకన్న నా ఆటోనే మంచిగ పడ్డది.

గిదంత నవ్వులాట. పోయిన నెల కామారెడ్డిల మాత్రం నాకు నిజంగనే కోపమొచ్చింది.

వికలాంగుల సర్టిఫికెట్ క్యాంపు పెట్టిన్రు. ఏడ? మేడ మీద! గాంధారి ఊరి ముసలాయన భూమయ్యను గూడ ఎంట తీస్కపోయినం. ఆయనకూ పోలియోనే. ఆ రోజు డాక్టరు రాసియ్యకుంటే పింఛన్ బంద్. పాపం ఆయన బండి దిగి, మెట్టు మీద చెయ్యి ఆనిచ్చిండు.

"పాకుకుంట పోత తియ్ బిడ్డా."

"ఆగు బాపూ! మార్కండేయా, హారన్!"

కొట్టిన. పైనుంచి ఒకాయన తొంగిజూసి, "పన్నెండైతే క్యాంపు బంద్. ఎక్కితే ఎక్కుండ్రి, లేకుంటే పోండ్రి" అన్నడు. అప్పటికే పదకొండున్నర.

"అక్కా, నీ పంతానికి ముసలాయన కూడు పోతది!" అని ఒర్రిన.

"కొట్టు."

పావుగంట కొట్టిన. బజారంత జమైంది. ఆఖరికి డాక్టరమ్మ చెవులు మూసుకొని దిగొచ్చింది. "హారన్ ఆపు నాయనా, దండం పెడత! కింద గిట్ల మనుషులున్నరని నాకెవ్వరు చెప్పలే." టేబులు కిందికి తెప్పిచ్చింది. భూమయ్య కాళ్లు చూసి రాసిచ్చింది. ఆయన ఎనకాల ఇంకో తొమ్మిది మంది లైను కట్టిన్రు.

సాయంత్రం అక్క తన సంచి ఆటోలనే మర్చిపోతే, ఇద్దామని ఇంటికి పోయిన. "పైన ఉన్న" అని మాటొచ్చింది. తలెత్తి చూస్తే అక్క డాబా మీద కూసొని ఎండిన మిరపకాయలు ఎత్తుతున్నది!

"ఎట్లెక్కినవ్ అక్కా?"

"రెక్కలు లేవా నాకు? రెండు చేతులు ఆనిచ్చి ఎక్కుత. రోజూ ఎక్కుత."

"మరి ఆఫీసులల్ల ఏమైంది నీకు? ఊరంత నన్ను పిచ్చోని లెక్క చూస్తున్నరు!"

అక్క చేతుల మిరపకాయలు కింద పెట్టింది. "నేను పాకుకుంట ఎక్కిన అనుకో. 'ఆమె ఎక్కలేదా, నీకేమైంది?' అని భూమయ్య బాపును గూడ పాకుమంటరు. గంత పెద్ద మనిషి అందరి ముంగట పాకుడేందిరా? నేనెక్క."

పొద్దుగాల నేను ఒర్రిన మాట యాదికొచ్చి సిగ్గైంది. నా మొకం చూసి అక్క నవ్వింది.

"గీ డాబా ముచ్చట ఎవ్వరికి చెప్పకు. తెలిస్తే ఒక్క సారు గూడ దిగడు."

నేనైతే ఇగ ఎవ్వరికి చెప్ప. మీరు గూడ ఆఫీసోళ్లకు చెప్పకుండ్రి.