కన్ను పెట్టని ఉడత

నిద్రలో ఉన్న కంప్యూటరు మిషన్‌ను లేపకుండా, నన్నొక మాట అడగకుండా, దాని ఒళ్ళు మాత్రం కొత్త చోటికి మోసుకుపోయారు. తలలో ఉన్నదంతా పాత పెట్టెలోనే వదిలేశారు. ఇది తప్పు. "ఫైళ్ళన్నీ వచ్చినాయి కదప్పా, ఇంకేమి కావాల నీకు?" అని మగ్గాల సంఘం అధ్యక్షుడు వీధిలో నిలబెట్టి అడిగాడు. నిలబడి చెప్పే జవాబు కాదు కనక కూర్చుని రాస్తున్నాను.

మాది నగరి. మగ్గాల ఇల్లు. ఎనిమిదో తరగతితో బడి అయిపోయింది నాకు. కంప్యూటరు ఎవరూ నేర్పలేదు. తిరుపతిలో పాత పుస్తకాల కొట్లో తూకానికి కొన్న ఇంగ్లీషు పుస్తకాలు, పక్కన ఒక డిక్షనరీ, చెడిపోయిన పెట్టెలు విప్పడం, మళ్ళీ బిగించడం. అదే నా చదువు. పవర్ మగ్గాల వాళ్ళంతా ఒక సంఘం పెట్టుకుని నూలు లెక్కలూ జీతాలూ చీరల డిజైన్లూ కంప్యూటర్లో పెడదామనుకున్నప్పుడు పిలిచింది నన్నే. అప్పుడు డిగ్రీ ఉందా అని ఎవరూ అడగలేదు.

పనికొక కంప్యూటరు కొనే స్థోమత సంఘానికి లేదు. అందుకని పెద్ద పెట్టె ఒకటి తెచ్చి, అందులో హైపర్‌వైజర్ అనే మేస్త్రీని కూర్చోబెట్టాను. అది ఒక్క పెట్టెలోనే పది కంప్యూటర్లు ఉన్నట్టు నడిపిస్తుంది. వాటినే వర్చువల్ మిషన్లంటారు. ఇనుము ఒకటే, సంసారాలు వేరు. జీతాల మిషన్‌కు పక్కనే నూలు లెక్కల మిషన్ ఉందని తెలియదు. ఒకటి పడిపోయినా రెండోది తన పని తాను చేసుకుపోతుంది.

అందులో ఒక మిషన్ మా ఆవిడది.

ఆమె చీరల అంచులు గీసేది. వాళ్ళ నాయన చేతి మగ్గాల కాలంలో గ్రాఫు కాగితం మీద గళ్ళు నింపి బొమ్మలు వేసేవాడు. ఆ చెయ్యి ఈమెకు వచ్చింది. నేను డిజైన్ల ప్రోగ్రాం తెచ్చిపెట్టినప్పుడు మొదట్లో నవ్వింది. "ఏమయ్యా, ఈ ఎలుకను కొంచెం నిదానంగా పొమ్మను. నా గీత కంటే ముందు పరిగెత్తతా ఉండాది" అనేది. నెల తిరక్కముందే నాకు తెలియని మెలకువలు నాకే చూపించింది. ఆ ప్రోగ్రాం పాత కాలపుది, కొత్త కంప్యూటర్లలో నడవదు. అది ఉన్న కంప్యూటరు పాడైపోతే, దాన్ని ఉన్నదున్నట్టు ఎత్తి ఆ పెద్ద పెట్టెలో వర్చువల్ మిషన్‌గా పెట్టాను. అప్పుడు ఎవరూ చెప్పకుండా, పుస్తకం చూసి నేను చేసిన పని అది. ఇప్పటి వాళ్ళు మైగ్రేషన్ అంటున్నది దాన్నే.

మా ఊళ్ళో అమావాస్యకు మగ్గాలు ఆపుతారు. మిగతా రోజులన్నీ మగ్గాల మోతే. ఆ వీధుల్లో పుట్టినవాళ్ళం గట్టిగా మాట్లాడటం నేర్చుకునే మాటలు నేర్చుకుంటాం. భార్యాభర్తలు ప్రేమగా చెప్పుకునే మాట కూడా పక్కవాళ్ళకు పోట్లాటలాగే వినిపిస్తుంది. అమావాస్య పగలు మాత్రం మోత ఉండదు. ఆ రోజు సంఘం గది ఖాళీ. మేమిద్దరం సద్ది కట్టుకుని పోయి ఆ మిషన్ లేపేవాళ్ళం. ఆమె గీసేది, నేను పక్కన కూర్చునేవాణ్ణి. ఆమె అసలు గొంతు అంత సన్ననిదని నాకు ఆ గదిలోనే తెలిసింది. ఇన్నేళ్ళ కాపురంలో నాకు బాగా గుర్తున్న మాటలన్నీ అమావాస్య మాటలే.

చివరిగా ఆమె గీసింది ఉడత. మా షెడ్డు పైకప్పు మీద ఉడతలు తిరిగేవి. మగ్గం కింద పడిన తెగిన నూలు ఎత్తుకుపోయి గూట్లో పరుచుకునేవి. నూలుపోగు నోట కరుచుకుని వెనక్కి తిరిగి చూసే ఉడత, దాని వెనక ఇంకొకటి, అంచు పొడవునా అలా వరుస. తోక గళ్ళు నింపడానికే ఒక పూట పట్టింది.

"ఎవురు కడతారు ఉడతల చీర?" అన్నాను.

"నేనే కడతా. నువ్వు నేయించు. సంతలో నన్ను సూసి నాలుగు ఉడతలు ఎంట పడితే నీకేమి?"

కన్ను పెట్టే లోపల ఇంటికి చుట్టాలొచ్చారని కబురు వచ్చింది. సేవ్ చేయబోతే బొమ్మకు పేరు పెట్టమని ప్రోగ్రాం అడిగింది. ఆమె నా చెయ్యి పట్టుకుని ఆపింది. వాళ్ళ పుట్టింటి పద్ధతి అది. బొమ్మకు కన్ను చివర పెడతారు. కన్ను పెట్టాకే, గీసినవాళ్ళే, పేరు పెడతారు. కన్ను లేనిదానికి పేరు పెడితే ఆ చీర మగ్గం దిగదని వాళ్ళ నాయన చెప్పేవాడట.

"పేరు వద్దు. అట్లే పడుకోబెట్టు. వచ్చే అమావాస్యకు లేపి కన్ను పెడతా."

వర్చువల్ మిషన్‌లో ఆ సుఖం ఉంది. ఆపనక్కరలేదు, పడుకోబెట్టవచ్చు. తెర మీద ఏది ఎలా ఉందో, ఏ గడి దగ్గర చెయ్యి ఆగిందో, అంతా పెట్టె జ్ఞాపకం పెట్టుకుంటుంది. లేపితే అక్కడి నుంచే మొదలు. పడుకోబెట్టాను. వచ్చే అమావాస్య ఆమె చూడలేదు.

తర్వాత ప్రతి అమావాస్యకూ పోయి నేనే లేపేవాణ్ణి. ఉడతలు వెనక్కి తిరిగి చూస్తూ ఉండేవి. కన్ను ఉండాల్సిన చోట తెల్ల గడి. బాణం గుర్తు ఆ గడి పక్కనే, ఆమె వదిలిన చోటే. కాసేపు కూర్చుని, సద్ది తిని, మళ్ళీ పడుకోబెట్టి వచ్చేవాణ్ణి. దీన్ని పిచ్చి అనేవాళ్ళు అనుకోనీ.

వయసైపోయిందని సంఘం పని మానినప్పుడు అధ్యక్షుడికి ఒకటే చెప్పాను. "పెట్టె మార్చేటప్పుడు నన్ను పిలువప్పా. ఒకటి పండుకోని ఉండాది, దాన్ని నేను సూసుకుంటా." సరే అన్నాడు. పెట్టె నిజంగానే ముసలిదైపోయింది, దాని హైపర్‌వైజర్‌కు కొత్త మరమ్మతులు రావడం ఆగిపోయింది, మార్చక తప్పదు. మార్చవద్దని నేనెప్పుడూ అనలేదు. తిరుపతి కంపెనీ వాళ్ళు వచ్చి, రెండు రోజుల్లో అన్నిటినీ కొత్త పెట్టెలోకి, వాళ్ళ మాటలో కొత్త హోస్టులోకి, మార్చి వెళ్ళిపోయారు. ఆ రెండు రోజుల్లో అమావాస్య లేదు. నన్ను పిలిచినవాడూ లేడు.

ఎప్పటిలాగే అమావాస్యకు పోయాను. కొత్త హోస్టులో ఆ మిషన్ చకచకా లేచింది. ఇంతకు ముందెప్పుడూ అంత తొందరగా లేవలేదు. ఆమె పాత అంచులన్నీ వరసగా ఉన్నాయి. చింతాకు, మొగిలిరేకు, కోడిజుట్టు, అన్నీ ఆమె పెట్టిన పేర్లతోనే. ప్రోగ్రాం తెరిస్తే మాత్రం ఖాళీ గళ్ళు. తెల్లటి తెర. ఉడతలు లేవు.

అధ్యక్షుడి ఇంటికి పోతే, "పిలవాలనే అనుకున్నానన్నా, పెండ్లి పనుల్లో పడిపోయినా" అన్నాడు. ఎవరి పెండ్లో అడగలేదు. సంఘానికి రాశాను. జవాబు లేదు. మళ్ళీ రాశాను. రాతలో జవాబు లేదు, వీధిలో అధ్యక్షుడు అడిగిన ఆ ఫైళ్ళ మాటే. చివరికి తిరుపతి బస్సెక్కాను. వడమాలపేట దాటేదాకా ఎలా తిట్టాలో మాటలు పేర్చుకుంటూనే ఉన్నాను.

కంపెనీ ఆఫీసు అలిపిరి పోయే దారిలో, మేడ మీద. మార్పిడి చేసిన ఇంజనీరు ఆడపిల్ల, పూతలపట్టు మనిషి. కుర్చీ వేసి, మజ్జిగ తెప్పించింది. పేర్చుకున్న తిట్లలో సగం అక్కడే పోయాయి.

"అమ్మా, అది పండుకోని ఉండాదని నీకు తెలిసీ ఎట్ల కదిలించినావు?"

"తెలుసు సార్. లేపుదామంటే దాని పాస్‌వర్డ్ సంఘంలో ఎవురికీ తెలీదన్నారు."

"నన్నడగొచ్చు కదా."

"మీరొకరు ఉండారనే ఎవురూ చెప్పలేదు సార్."

అది ఆమె తప్పు కాదు.

"పండుకున్నదాన్ని పండుకున్నట్టే కొత్తదాంట్లోకి తీసకపోలేము సార్. ప్రాసెసర్ వేరే, హైపర్‌వైజర్ వేరే. పాతది సగంలో ఆపిన ఆలోచన కొత్తదానికి అర్థం కాదు. లేపి, సేవ్ చేసి, సరిగ్గా ఆపేసి, అప్పుడు డిస్కు తీసకపోవాల. నాకు సేవ్ చేసిన ఫైళ్ళుండే డిస్కు మాత్రమే దొరికె."

"అది నాకూ తెలుసమ్మా. అందుకే పిలవమన్నా."

ఆమె మెల్లగా అడిగింది. "పిలిచింటే ఏం చేసేవాళ్ళు సార్? సేవ్ చేసేవాళ్ళా?"

కిటికీలోంచి కొండ కనిపిస్తోంది. మజ్జిగ తాగుతూ కొండనే చూశాను. ఉడతల సంగతి అప్పుడు చెప్పాను. కన్ను సంగతి, పేరు సంగతి కూడా. ఎవరికీ చెప్పనిది ఆ అమ్మాయికి ఎందుకు చెప్పానో తెలియదు.

"పాత హోస్టు సంఘం సామాన్ల గదిలోనే ఉండాది సార్. డిస్కులు తుడిచేయమని నాకు చెప్పినారు. ఇంకా తుడవలేదు. ఆ జ్ఞాపకం ఫైలు అందులో ఉంటే ఉండాల. కానీ ఆ పెట్టె మళ్ళా లేస్తాదో లేదో. నేను పోయి సూసి చెప్తా."

"తుడవొద్దమ్మా" అన్నాను. మిషన్ పాస్‌వర్డ్ చెప్పాను. తిట్టడానికి పోయినవాణ్ణి బతిమాలి వచ్చాను.

తర్వాత రోజులు ఎలా గడిచాయో చెప్పను. మగ్గాల మోతలో ఫోన్ మోగినా వినపడదని చొక్కా జేబులో గుండె మీద పెట్టుకుని తిరిగాను, అదిరితే తెలుస్తుందని. సంఘం నుంచి ఈనాటికీ జవాబు లేదు. జవాబు వచ్చింది ఆ అమ్మాయి దగ్గర నుంచి, ఫోన్‌లో మెసేజీగా. ఆ మెసేజీ ఇదీ:

"సార్, సంఘం గదిలోనే ఉన్నాను. పాత హోస్టు మూడోసారికి లేచింది. మీరు చెప్పిన పాస్‌వర్డ్ పెట్టి మీ మిషన్ లేపినాను. ఉడతలు ఉన్నాయి. బాణం గుర్తు కన్ను గడి పక్కనే ఉంది, నేను మౌసు ముట్టుకోలేదు. కానీ ఫ్యాను ఆగి ఆగి తిరుగుతా ఉంది, ఇంకోసారి పడుకోబెడితే లేవదు. అమావాస్య దాకా ఆగదు సార్, ఇప్పుడే బయలుదేరండి. కన్ను మీరే పెట్టండి. పేరు దారిలో ఆలోచించుకొని రండి."