మూడో కాలు

పోయిన సోమవారం పొద్దున పాల పాకెట్లకని బయలుదేరి వంతెన ఎక్కేసరికి రెయిలింగుకు ఒక నోటీసు అంటించి ఉంది. బంక ఇంకా ఆరలేదు. పైన అరవం, కింద ఇంగ్లీషు. కళ్ళద్దాలు ఇంట్లో మరిచిపోయాను కాబట్టి ఎవరో ఇల్లు అద్దెకిస్తున్నారనుకున్నాను. ముక్కు ఆనించి చదివితే తెలిసింది, ఇచ్చేది ఏమీ లేదు, తీసుకునేదే. పాతబడిన ఈ వంతెనను పడగొట్టి కొత్తది కడతారట. స్టేషను ఒడ్డు నుంచి బజారు ఒడ్డుకు తిన్నగా వేస్తారట. మూడో వైపున్న ‘తాత్కాలిక భాగం’ తొలగిస్తారట, మళ్ళీ కట్టరట. అభ్యంతరాలున్నవాళ్ళు శుక్రవారం పదింటికి ఈ చోటికే వచ్చి చెప్పుకోవచ్చునట. ఆ తాత్కాలిక భాగం మీద నిలబడే నేను ఈ ముక్కలు చదివాను. నలభై ఏళ్ళుగా దాని మీద నడుస్తున్నాను. అది తాత్కాలికమైతే నేనేమిటి?

చూడనివాళ్ళకు మా వంతెన సంగతి చెప్పాలి. కోడంబాక్కంలో మా వీధి వెనక ఒక కాలువ ఉంది. కాలువ అనడం మర్యాద కోసం, ముక్కు మూసుకోవడం అలవాటు కోసం. అది మా దగ్గరికి వచ్చి రెండుగా చీలుతుంది. అందువల్ల రెండు ఒడ్లు ఉండాల్సిన చోట మూడు ఒడ్లు ఏర్పడ్డాయి. ఒకవైపు రైలు స్టేషను, ఒకవైపు బజారూ బడీ ఆసుపత్రీ, మూడోవైపు మా వీధి. నీళ్ళ మధ్యలో ఒక లావుపాటి స్తంభం, దాని మీద గుండ్రటి అరుగు, ఆ అరుగు దగ్గరికి మూడు ఒడ్ల నుంచీ మూడు నడక దారులు. అరవంలో మూణు కాల్ పాలం అంటారు, మేము మూడు కాళ్ళ వంతెన అంటాం. వంతెన ఎక్కితే అవతలి ఒడ్డు వస్తుందని లోకంలో అందరికీ ఒక నమ్మకం. ఇక్కడ అవతలి ఒడ్లు రెండు. కొత్తగా వచ్చినవాళ్ళు అరుగు మీద ఆగిపోయి, అక్కడ కూర్చుని మల్లెపూలు కట్టే ఆమెను దారి అడుగుతారు. ఆమె చేతులు ఖాళీ ఉండవు కాబట్టి గడ్డంతో చూపిస్తుంది. ఆ గడ్డం ఏ దారి వైపు తిరిగిందో తెలియక మా వీధికి రావలసిన చుట్టాలు బజారు తిరిగి వచ్చిన సందర్భాలు కొల్లలు.

మా వీధిలో అప్పట్లో అందరూ సినిమావాళ్ళే. అంటే తెర మీద కనపడనివాళ్ళు. లైట్లు మోసేవాళ్ళు, దుస్తులు కుట్టేవాళ్ళు, గ్రూప్ డాన్సర్లు, సెట్టు వేసే వడ్రంగులు. మా బాబాయి సెట్టు వడ్రంగి. తాతల నాడు నెల్లూరు పక్క నుంచి వచ్చి ఇక్కడ పాతుకుపోయిన కుటుంబం మాది. ఆయన చేతుల మీదుగా ఎన్ని కోటలు లేచాయో, ఎన్ని కోర్టులు కూర్చున్నాయో లెక్క లేదు. డైరెక్టరు పేకప్ అంటే అందరికీ ఇంటికి పోవడం, బాబాయి మనుషులకు మాత్రం పీకుడు మొదలు. సోమవారం లేచిన రాజమహలు ఆదివారానికి చెక్కల కుప్ప. “నేను కట్టింది ఏదీ పది దినాలు నిలబడలేదురా అబ్బయా” అనేవాడు. నవ్వుతూనే అనేవాడు గానీ, అన్న తర్వాత చేతిలోని చిత్రికను ఊరికే అటూఇటూ తిప్పుతూ కూర్చునేవాడు.

ఆ వృత్తిలో ఒక ఆనవాయితీ ఉంది. సెట్టులో ఎత్తుగా ఏ అరుగు వేసినా, ఏ మెట్లు కట్టినా, దాని మీదికి నటులను పంపేముందు కట్టినవాడే చెప్పులు విడిచి నడిమధ్యకు పోయి మూడుసార్లు ఎగరాలి. విరిగితే ముందు వాడి కాలే విరగాలి. బాబాయి పొట్ట పెరిగాక కూడా ఈ పని ఇంకొకరికి అప్పగించలేదు.

నలభై ఏళ్ళ క్రితం ఒక వానకాలంలో కాలువ పొంగి మా వైపు కాలును పట్టుకుపోయింది. అరుగూ తక్కిన రెండు కాళ్ళూ నిలిచాయి. మేము మిగిలిపోయాం. అరుగు ఇరవై అడుగుల దూరంలో కనపడుతూ ఉంటుంది, పూలావిడ గడ్డం కూడా కనపడుతుంది, చేరాలంటే మాత్రం పెద్ద రోడ్డు చుట్టి అరగంట నడవాలి. అప్పుడే నాకు ఒక ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం వచ్చింది. వీధిలో చదువుకున్నవాణ్ణి కాబట్టి అర్జీ రాసే భారం నా మీద పడింది. మూడు పేజీలు రాశాను. మూడు ఒడ్లు, మూడు కాలాలు, మూడు లోకాలు, ఇంకేమేమి మూడున్నాయో అన్నీ దానిలో పెట్టాను. తీసుకుపోయి బాబాయికి చదివి వినిపిస్తే ఆయన చివరిదాకా ఓపికగా విన్నాడు.

“శానా బాగుండాదిరా. కాకుంటే దీని మీద నడవలేం గదా.”

ఆఫీసుకు పోయి అర్జీ ఇస్తే, చదివిన ఇంజనీరు గారి మాట మరీ బాగుంది. ఆయన అరవంలో అన్నదాన్ని తెలుగులో చెబుతున్నాను. “రెండు కాళ్ళతో మనుషులే నడుస్తున్నారయ్యా, వంతెనకు మూడోది దేనికి?” అన్నాడు. నేను నా పేజీలు సర్దుకుంటున్నాను. బాబాయి ఆ గదిలో మూలనున్న ముక్కాలి పీటను తెచ్చి ఆయన ముందు పెట్టాడు. “దీనికి ఒక కాలు కోసేస్తా సార్. మీరు కూసోని చూపించండి, మేము పోతాం” అన్నాడు. ఇంజనీరు గారు కూర్చోలేదు. మేమూ ఊరికే పోలేదు, ఒక ప్యూను మమ్మల్ని వరండా దాకా సాగనంపాడు.

వీధికి వచ్చిన బాబాయి నేల మీద సుద్దముక్కతో రెండు గీతలు గీశాడు. వంతెనకు ప్లాను అంటే అదే. షూటింగు లేని ఐదు రోజుల్లో వీధి వీధంతా కలిసి మూడో కాలు కట్టింది. అడుగున బలమైన దూలాలు, పైన పీకేసిన సెట్ల తాలూకు కలప. ఒక ఓడ పైకప్పు పలకలు, ఒక జమీందారు మేడ మెట్లు, రెయిలింగుకు ఒక కోర్టు బోను. నేను కలం పట్టినవాణ్ణే గానీ కలప పట్టినవాణ్ణి కాదు, కాబట్టి మేకులు అందించే పని ఇచ్చారు. వంగిన మేకులు నా దగ్గరే ఎందుకు ఎక్కువగా ఉండేవో ఎవరికీ అంతుపట్టలేదు.

ఐదో రోజు సాయంత్రం పని అయిపోయింది. రెయిలింగుకు నున్నగా చిత్రిక పట్టి, వార్నిషు పూసి, అందరూ ఒడ్డు మీద నిలబడి మురిసిపోతున్నారు. మా పిన్ని, అంటే బాబాయి భార్య, స్టూడియోలో దుస్తులు కుట్టేది, పని నుంచి అప్పుడే వచ్చింది. చేతిలో టిఫిను క్యారియరుతో అటూఇటూ చూసింది.

“ఏమయ్యా, రెండో పక్క ఎవురు కట్టేది? కెమెరామ్యాను వచ్చి కడతాడా?”

అందరం చూశాం. ఒకవైపే రెయిలింగు ఉంది. రెండోవైపు ఏమీ లేదు, తిన్నగా నీళ్ళు. “ఆ పక్క ఫ్రేములో రాదే...” అనబోయి బాబాయి నాలిక కరుచుకున్నాడు. పాతికేళ్ళుగా కెమెరా చూసే వైపే కట్టి, చూడని వైపు వదిలేసిన చేతులవి. వాళ్ళలో ఒక్కడికీ లోటు కనపడలేదు. నాకూ కనపడలేదు, కానీ నాకు కనపడనివి చాలా ఉంటాయి కాబట్టి ఎవరూ ఆశ్చర్యపోలేదు. మరునాడు రెండో రెయిలింగు వేశారు. దానికి కోర్టు సామాను చాలక ఏదో అత్తగారింటి ఉయ్యాల కడ్డీలు వాడారు. ఇప్పటికీ మా వంతెన మీద ఒక చేత్తో బోను పట్టుకోవచ్చు, ఇంకో చేత్తో ఉయ్యాల పట్టుకోవచ్చు. జీవితంలో చాలా భాగం అలాగే కదా గడిచేది.

మరుసటి వారం ఇంజనీరు గారు జీపు స్టేషను ఒడ్డున ఆపి మా వైపు నడిచొచ్చాడు. ఎండకు గొడుగు పట్టుకొచ్చాడు.

“ఎవరు పర్మిషన్ ఇచ్చారు?”

“వాన ఇచ్చింది సార్” అన్నాడు బాబాయి. “పాతదాన్ని ఎత్తుకపోయేటప్పుడు అది పర్మిషన్ అడగలా. మీరూ దాన్ని అడగలా.”

“ఎంత బరువు మోస్తుందని నమ్మకం? సర్టిఫికెట్ ఉందా?”

బాబాయి చెప్పులు విడిచాడు. నడిమధ్యకు పోయి, పంచె ఎగగట్టి, ఆ పొట్టతోనే మూడుసార్లు ఎగిరాడు. పలకలు దబ్ దబ్ దబ్ మన్నాయి. తర్వాత పిన్ని చీర కొంగు దోపుకొని పోయి ఎగిరింది. ఆ రోజు పని లేక ఇంట్లో ఉన్న గ్రూప్ డాన్సర్లు పన్నెండు మంది వచ్చారు. వాళ్ళకు ఊరికే ఎగరడం చేతకాదు, వరస కట్టి “ఒన్ టూ త్రీ ఫోర్” అని లెక్కపెడుతూ ఎగిరారు. పూలావిడ పూలు పక్కన పెట్టి చప్పట్లు కొట్టింది. ఆమె చేతులు ఖాళీగా చూడడం అదే మొదటిసారి.

“నువ్వు రారా!” అని బాబాయి నన్ను పిలిచాడు.

ఇక్కడ నిజం చెప్పాలి. నేను పోలేదు. ఒడ్డున వాళ్ళంతా విడిచిన చెప్పులున్నాయి. “ఇవి ఎవరో ఒకరు చూసుకోవాలి కదా బాబాయ్” అన్నాను. ఆ మేకులు అందించింది నేనే కాబట్టి వాటి మీద నాకున్నంత అనుమానం ఇంకెవరికీ ఉండదు. ఇంజనీరు గారు అదే దారిన వెనక్కి నడిచి పోయాడు, జీపు అటు ఉంది మరి. నడిమధ్యకు వచ్చినప్పుడు ఆయన కూడా కాస్త ఎగిరాడని పిన్ని అంటుంది, తూలాడని నేనంటాను. ఫైల్లో ‘తాత్కాలిక ఏర్పాటుగా అనుమతించడమైనది’ అని రాశాడని తర్వాత తెలిసింది.

అప్పటినుంచీ ప్రతి ఏడూ వానలకు ముందు పలకలు చూసి, పుచ్చినవి తీసి కొత్తవి వేయడం మా వీధికి వాడుక. కొన్నేళ్ళకు అడుగున దూలాలు తీసి ఇనుప గర్డర్లు వేశాం. మార్చినవాళ్ళు ఎగరడమూ వాడుకే. బాబాయి చనిపోయిన ఏడు కూడా పలకలు మారాయి, జనం ఎగిరారు. నేను మాత్రం ప్రతి ఏడూ చెప్పుల దగ్గరే. పిన్ని నాకు చెప్పుల ఆఫీసరు అని పేరు పెట్టింది. ఆఫీసులో నాకు ప్రమోషను వచ్చిందని మిఠాయి పట్టుకుపోతే, “ఇంక బూట్లు గూడా సూసుకుంటావా?” అంది.

శుక్రవారం పదింటికి వీధిలో ఉన్నవాళ్ళంతా వచ్చారు. పాతవాళ్ళు కొందరే, తక్కినవాళ్ళు కంప్యూటరు ఉద్యోగాలకని వచ్చి అద్దెకున్నవాళ్ళు. వాళ్ళు కూడా స్టేషనుకు పోయేది ఈ దారినే. పిన్నికి ఎనభై దాటాయి, కర్ర పోటేసుకుంటూ వచ్చింది. కొలతలు తీసే కంపెనీ తరఫున ఒక ఇంజనీరు అమ్మాయి వచ్చింది. నెత్తిన పసుపు టోపీ, చేతిలో పలక లాంటి కంప్యూటరు. గుంటూరు అమ్మాయి అని నోరు తెరవగానే తెలిసింది.

“అంకుల్, ఈ మూడో ఆర్మ్‌కి డ్రాయింగులే లేవండి. రికార్డులో టెంపరరీ అని ఉంది. రికార్డులో లేనిదాన్ని మళ్ళీ కట్టమని ఎలా రాస్తామండీ?”

“డ్రాయింగు ఉండేదమ్మా” అన్నాను. “నేల మీద సుద్దతో గీశారు. ఆ రోజే ఎవరో తొక్కేశారు.”

పిన్ని ముందుకొచ్చింది. “ఓ పిల్లా, యాడ దిగినావు నువ్వు?”

“స్టేషన్లోనండి, అమ్మమ్మగారూ.”

“మరి ఈడికెట్టా వస్తివి? రెక్కలుండాయా?”

ఆ అమ్మాయి తన కాళ్ళ కిందికి చూసుకుంది. ఓడ పలక మీద నిలబడి ఉంది. నవ్వు ఆపుకుంది గానీ, మంచిపిల్ల, ఉద్యోగం మరిచిపోలేదు. “అది కాదండీ, ఇది సేఫ్ అని ఎవరు చెప్తారు?” అంది.

జవాబు మాటల్లో లేదని పాతవాళ్ళకు తెలుసు, కొత్తవాళ్ళకు ఆ సంగతే తెలియదు. బాబాయి లేడు. పిన్ని కర్ర మీద ఉంది. నేను చుట్టూ చూసి, కింద చూసుకుంటే నా చెప్పులు కనపడ్డాయి. వంతెన ఉన్న చోట వంతు తప్పించుకోవడం ఎన్నాళ్ళు సాగుతుంది?

“పిన్నీ, ఇవి కాస్త చూడు” అని చెప్పులు విడిచాను.

“ఓరి నీ... మోకాళ్ళురా! సుమ్మా ఉండు!” అంది అరవమూ తెలుగూ కలిపి. ఊరికే ఉండమని ఆవిడ నాకు చెప్పడం అదే మొదటిసారి, నేను ఊరికే ఉండకపోవడమూ అదే మొదటిసారి. నడిమధ్యకు పోయాను. మొదటిసారి ఎగిరినప్పుడు నా కాళ్ళ కింద నుంచి ఒక దినపత్రిక దూరేది, ఆదివారం అనుబంధం దూరేది కాదు. రెండోసారి కాస్త నయం. మూడోసారి పలక దబ్ మంది. నలభై ఏళ్ళ కిందట ఒడ్డున చెప్పులు పట్టుకుని విన్న అదే చప్పుడు, ఈసారి నా మడమల్లోంచి వచ్చింది. మోకాలు కూడా ఏదో అంది గానీ నేను వినలేదు.

వెనక్కి తిరిగేసరికి కంప్యూటరు కుర్రాళ్ళు బూట్లు విప్పుతున్నారు. పిన్ని వాటన్నిటినీ కర్రతో ఒకచోటికి నెడుతూ, “వరసగా విప్పండ్రా, నాకేం పది చేతులుండాయా!” అని కేకలేస్తోంది. ఇరవై మందీ ఎగిరారు. ఆ అమ్మాయి గర్డర్ల కిందికి వంగి చూసింది, టోపీ సర్దుకుంది. “రిపోర్టులో ఏమని రాయమంటారండీ?” అని నన్నే అడిగింది.

‘పరిశీలనలో ఉన్నది’ అని మూడు పుష్కరాలు ఇతరుల అర్జీల మీద రాసిన చెయ్యి నాది. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది కూడా. మింగేశాను.

“మూడు కాళ్ళూ కట్టేటట్టయితేనే తక్కిన రెండింటి మీద ఇక్కడివాళ్ళు చెయ్యి వేయనిస్తారు, లేకపోతే వేయనివ్వరు, అని రాయమ్మా. ఎవరన్నారంటే వీధి అన్నదని రాయి.”

రాసింది. చదివి వినిపించింది కూడా. పై ఆఫీసు ఏమంటుందో ఇంకా తెలియదు. నోటీసు అక్కడే ఉంది, బంక ఆరింది, ఒక మూల లేచి గాలికి కొట్టుకుంటోంది. పాలకు పోతూ వస్తూ వీధిలో ప్రతి ఒక్కరూ దాని ముందు ఆగి ఒకసారి ఎగిరి పోతున్నారు. పిన్ని ఎగరలేదు గనక కర్రతో పలకను ఒక్కటి కొడుతుంది. పొద్దున ఆరింటి నుంచే మా ఇంటికి ఆ దబ్ దబ్ వినపడుతుంది.

కాలానికి ఎన్ని కాళ్ళున్నాయో నాకు తెలియదు, అది పోతూనే ఉంది, వెంట బాబాయి లాంటివాళ్ళను తీసుకుపోతూనే ఉంది. మా వంతెనకు మూడు కాళ్ళు. అది ఎక్కడికీ పోదు.