గడ్డం కొంచెం కిందికి

ఆ రోజుల్లో మా నందిగామ చుట్టుపక్కల ఫోటోగ్రాఫరు సరే అంటేనే పెళ్లి అయినట్టు. మంత్రాలు చదవడం అయిపోయినా, తలంబ్రాలు నేల మీదికి చేరినా, మా మావయ్య కెమెరా దించి "రాలేదండి" అన్నాడంటే పెళ్లికొడుకు అప్పటికే కట్టేసిన తాళి దగ్గర మళ్లీ చేతులు పెట్టి, కడుతున్నట్టు వంగేవాడు. పురోహితుడు గారు కూడా ఏమీ అనుకోకుండా ఆ ముక్క ఇంకోసారి చదివేవారు. చర్చిలో పెళ్లయితే ఉంగరం సగం వేలి దాకా వెనక్కి వచ్చి మళ్లీ ముందుకి వెళ్లేది. ఇప్పుడు నేను ఆటల ఫోటోలు తీసి బతుకుతున్నాను. పెద్ద మైదానాల్లో గీత పక్కన నాతో పాటు కూర్చునే కొత్తవాళ్లు, ఈ పనిలోకి ఎలా వచ్చారు మేడం అని అడుగుతుంటారు. పెళ్లిళ్ల నుంచి అంటే నవ్వుతారు. నవ్వాల్సిన సంగతే కాబట్టి ఉన్నదున్నట్టు చెబుతాను.

మావయ్య అంటే మా అమ్మ తమ్ముడు. నందిగామ బస్టాండు దగ్గర ఆయనకు ఫోటో స్టూడియో ఉండేది. డిగ్రీ అయ్యాక ఉద్యోగం దొరికేదాకా అనుకుని అందులో చేరాను. ఆయన నాకు నేర్పిన విద్య అంతా రెండు మాటల్లో ఉంది. మొహం కనపడాలి, కళ్లు మనవైపు ఉండాలి. మిగతాది ఆల్బం అట్టలు చూసుకుంటాయి అనేవాడు. కెమెరా పట్టుకోవడం కంటే ముందు నాకు గొంతు వచ్చింది. "ఇటు చూడండి, గడ్డం కొంచెం కిందికి, చిన్న నవ్వు." ఒకే ఊపిరిలో ఈ మూడూ అనేదాన్ని. అలిగి కూర్చున్న పెద్దాయనలు కూడా ఆ గొంతుకి తల దించేవారు. (పరిటాల దగ్గర బండి ఆపి అంత ఎత్తు హనుమంతుడి విగ్రహాన్ని ఫోటో తీస్తూ కూడా నేను గడ్డం కిందికి అన్నానని మావయ్య చాలా ఏళ్లు అందరికీ చెప్పేవాడు. అది అబద్ధం. చిన్న నవ్వు అన్నాను, అంతే.)

అలా ఏడాది గడిచాక ఒక ఆదివారం జగ్గయ్యపేటలో ఆడవాళ్ల కబడ్డీ పోటీల ఫైనల్‌కి మా స్టూడియోని పిలిచారు. అదే రోజు వేదాద్రి గుళ్లో మావయ్యకి పెళ్లి ఉంది. మంచి కెమెరా ఆయన తీసుకుని, పాతది నా మెడలో వేసి, నన్ను పేటలో దింపాడు. ఏమేం తీయాలో దారి పొడవునా చెప్పాడు. ముఖ్య అతిథి కారు దిగడం, దండ, శాలువా, కప్పు, కమిటీ సభ్యులు వరసగా. ఎవర్నీ వదలకూడదు, ముఖ్యంగా కార్యదర్శిని. మరి ఆట సంగతి అంటే ఒక్క క్షణం ఆలోచించాడు.

"ఆటవి రెండు చాల్లే. దుమ్ము పడుద్ది, లెన్సు జాగ్రత్త."

ముఖ్య అతిథి రావడానికి ఇంకా టైముంది. మైదానం పక్కన నీడలో కూర్చుని ఒకమ్మాయి మోకాలికి గుడ్డ చుట్టుకుంటూ నన్ను చూసి నవ్వింది. పేట జట్టులో ముఖ్యమైన ఆటగత్తె. అందరూ ఉడత అని పిలిచేవారు. పది రోజుల కిందట చర్చిలో వాళ్లక్క పెళ్లికి ఫోటోలు తీసింది నేనే. తోడిపెళ్లికూతురుగా ఆ అమ్మాయిని రోజంతా నిలబెట్టి గడ్డం కిందికి, గడ్డం కిందికి అని చంపుకుతిన్నాను. ఆల్బం ఎప్పుడిస్తారక్కా అని అడిగింది. (ఫోటోగ్రాఫరు కనిపిస్తే ఎవరైనా అడిగేది అదే.) వచ్చే వారం అన్నాను. (ఫోటోగ్రాఫరు ఎప్పుడైనా చెప్పేది అదే.) తర్వాత గుడ్డ ముడి వేసుకుంటూ, వేరే ఎవరి సంగతో చెబుతున్నట్టుగా చెప్పింది.

"ఇవాళ జిల్లా జట్టుకి ఎంచేవాళ్లు వచ్చారక్కా. ఆ తెల్లచొక్కాల వాళ్లిద్దరూ. తీసుకోకపోతే మా నాన్న ఖమ్మంలో నర్సింగులో చేర్చేస్తాడు. ఇంక ఆట లేదు."

మంచి ఫోటో తీస్తాను చూడు అని మాటిచ్చాను. నా ఉద్దేశం మొహం కనపడి, కళ్లు నా వైపు ఉన్న ఫోటో.

కీసర జట్టుతో ఆట మొదలైంది. కబడ్డీలో కూతకి వెళ్లడమంటే తెలుసుగా. ఊపిరి తీసుకోకుండా కూత పెడుతూ అవతలి సగంలోకి వెళ్లి, ఎవర్నో ఒకర్ని తాకి, దొరక్కుండా మధ్యగీతకి రావాలి. కూత ఆగిందా, అవుట్. ఉడత వెళ్లింది. నేను కెమెరాలోంచి చూస్తున్నాను. ఎంతసేపటికీ అటే తిరిగి ఉంది. వీపు, జడ, మళ్లీ వీపు. రెండు ఫోటోలు చాలన్నారు గానీ రెండూ వీపులైతే ఎలా? అప్పుడు నా నోట్లోంచి, నన్ను అడక్కుండానే, ఆ గొంతు వచ్చింది. ఎదురుగా ఉన్నది తెలిసిన పిల్ల కాబట్టి కొంచెం ముద్దుగా కూడా వచ్చింది.

"అమ్మాయ్, ఇటు చూడు. గడ్డం కొంచెం కిందికి. చిన్న నవ్వు."

పది రోజుల కిందట రోజంతా విన్న గొంతు. ఉడత ఆగింది. తిరిగింది. గడ్డం దించింది. నవ్వడం కోసం నోరు మూసింది. కూత ఆగిపోయింది. నేను నొక్కాను, అంపైరు విజిల్ వేశాడు, కీసర పిల్లలు ఆరుగురు ఒకేసారి మీద పడ్డారు. ఆ ఫోటో ఇప్పటికీ నా దగ్గర ఉంది. ముందు ఒక అమ్మాయి చేతులు కట్టుకోవడం ఒక్కటే తక్కువగా, పెళ్లి ఫోటోలో లాగా పొందిగ్గా నవ్వుతుంటుంది. వెనక ఆరుగురు మనుషులు గాల్లో ఉంటారు. అందులో ఇద్దరు కూడా నా వైపే చూసి నవ్వుతున్నారు.

అప్పుడైనా ఊరుకుని ఉంటే బాగుండేది. నాకు తెలిసిన ప్రపంచంలో తప్పు జరిగితే దిద్దడానికి ఒక పద్ధతి ఉంది. నేరుగా అంపైరు దగ్గరికి వెళ్లి, ఇంకోసారి పెట్టిస్తారా అండీ అని మర్యాదగా అడిగాను. ఆయన నన్ను పైనుంచి కిందికి చూసి, ఇది పెళ్లి కాదమ్మా, గీత బయటికెళ్లు అన్నాడు. పేట జట్టుని తయారు చేసిన పీఈటీ మేడం అంతకంటే తక్కువ మాట్లాడింది. నా మెడలో ఉన్న కెమెరా వైపు చూసి, "అది పెట్టుకుని ఉప్పు అమ్ముకో" అంది. ఉడత బయట కూర్చుని మట్టి దులుపుకుంటోంది. తెల్లచొక్కాల్లో ఒకాయన కాగితం మీద ఏదో రాసుకున్నాడు. ఒక మనిషి ఆటని నా నోటితో ఆపేశాను. ఖమ్మం బస్సు నాకు కళ్లముందు కనపడింది.

సగం ఆట అయ్యాక తప్పు చెప్పుకుందామని వెళ్లాను. ఉడతకి కోపం రాలేదు, లేదా కోపానికి టైము లేదు. నీళ్లు పుక్కిలించి ఊసి, మధ్యగీత చివర నేల చూపించింది.

"నన్ను పిలవొద్దక్కా. నేను వచ్చేచోట ఉండు."

ఆ తర్వాత పాతికేళ్లు చదివినా అంతకంటే పెద్ద పాఠం నాకు దొరకదు. వెళ్లి ఆమె చూపించిన చోట, గీతకి రెండడుగుల అవతల, నేల మీద కూర్చున్నాను. చాలాసేపు కెమెరా ఎత్తలేదు. అప్పటిదాకా నేను ఆటని నిలబడి, దూరం నుంచి, మొహాల కోసం వెతుక్కుంటూ చూశాను. నేల మీద కూర్చుంటే అది వేరు. మడమలు నేలని తాకే చప్పుడు ముందు ఒంటికి తెలిసి, తర్వాత చెవికి వినపడుతుంది. కూత అనేది మాట కాదు, ఒక మనిషి దగ్గర మిగిలి ఉన్న ఊపిరి ఎంతో అందరికీ వినపడేలా పైకి చెప్పడం. అది సన్నబడుతున్న కొద్దీ ఎదుటివాళ్లు ఒక్కో అంగుళం దగ్గరికి వస్తారు. ఉడత కుడికి చూస్తూ ఎడమ కాలు పంపేది. ఆమె ఎటు వెళ్తుందో ఆమె మొహంలో లేదు, పాదంలో ఉంది. ఏడాది పాటు మొహాలు తప్ప ఏమీ చూడని నాకు, మనిషికి పాదాలు ఉంటాయని ఆ సాయంత్రం తెలిసింది. నాకు తెలియకుండానే నోరు తెరుచుకుని ఉండిపోయానని, తర్వాత రెండు రోజులు పళ్ల మధ్య ఇసుక తగులుతుంటే అర్థమైంది.

ఇక ఒక్క కూత మిగిలింది. పేట నాలుగు పాయింట్లు వెనక ఉంది. ఓడిపోయినట్టే. సరిగ్గా అప్పుడే ముఖ్య అతిథి కారు వచ్చింది. జనం అటు తిరిగారు. మైకులో కార్యదర్శి గారు, ఫోటోగ్రాఫర్ మేడం ఎక్కడున్నా వేదిక దగ్గరికి రావాలి అని మూడుసార్లు పిలిచారు. నేను కదల్లేదు. ధైర్యం కాదది. ఉడత అప్పుడే గీత దాటింది, అంతే.

ఆమె ఒకర్ని తాకింది. వెనక్కి తిరిగేలోపు ఆ తాకిన పిల్లే నడుం దగ్గర, ఇంకో ఇద్దరు మోకాళ్ల దగ్గర పట్టేశారు. గీతకి ఇంకా మనిషి పొడవు దూరం ఉంది. ముగ్గురి బరువునీ లాక్కుంటూ, కూత ఆపకుండా, ఆమె నేను కూర్చున్న వైపుకి పడటం మొదలుపెట్టింది. ఫ్లాషు బ్యాటరీ అయిపోవస్తోంది, ఒక్కసారే వెలుగుతుంది. ఆ పాత కెమెరా నొక్కిన తర్వాత ఒక క్షణం ఆలోచించి గానీ పని చేయదు. కాబట్టి చెయ్యి గీతని తాకాక నొక్కితే లాభం లేదు. తాకకముందే, తాకుతుందని నమ్మి నొక్కాలి. పెళ్లిళ్లలో నేనెప్పుడూ ఎవర్నీ నమ్మాల్సిన అవసరం రాలేదు. నొక్కాను.

నొక్కిన క్షణంలో కెమెరా లోపలి అద్దం పైకి లేస్తుంది. కంటికి చీకటి. ఫోటోలో పడే క్షణాన్ని తీసినవాళ్లు చూడరు. ఇన్నేళ్లయినా ఈ సంగతి నాకు పాతబడలేదు. పేట జనం పెట్టిన కేకతోనే ఆమె తాకిందని నాకు తెలిసింది. ముగ్గురూ అవుట్, మూడు పాయింట్లు. ఆట అయిపోయింది. పేట ఒక్క పాయింటుతో ఓడిపోయింది.

ఆ ఒక్క పాయింటు ఎవరిదో మైదానంలో అందరికీ తెలుసు. నేను తల ఎత్తకుండా కెమెరా వెనక ఉన్న చిన్న తెర చూస్తున్నాను. అందులో దుమ్ము ఉంది, ముగ్గురి చేతుల కింద ఒక ఒళ్లు ఉంది, గీతకి బెత్తెడు దూరంలో విచ్చుకున్న ఐదు వేళ్లు ఉన్నాయి. కళ్లు గీతనే చూస్తున్నాయి. అప్పటిదాకా నేను తీసిన ఫోటోలన్నిట్లోనూ అందరూ నన్ను చూశారు. ఈ ఒక్క మనిషికి నేను అక్కడ ఉన్నానన్న సంగతే లేదు. చాలాసేపు చూశాను. పీఈటీ మేడం వంగి చూసి, కెమెరా మీది దుమ్ము తుడిచి వెళ్లింది. ఉప్పు మాట వెనక్కి తీసుకున్నట్టే అనుకున్నాను.

ఈలోపు కార్యదర్శి గారు పరుగున వచ్చారు. దండ వేయడం అయిపోయింది, ఫోటో రాలేదు. ఆయన ఏమాత్రం కంగారు పడలేదు.

"ఏం పర్లేదు మేడం, సారు మళ్లీ కారెక్కుతానన్నారు."

ముఖ్య అతిథి నిజంగానే కారెక్కి, మళ్లీ దిగారు. దండ తీసి మళ్లీ వేశారు. గడ్డం కొంచెం దించారు కూడా, నేను అడక్కుండానే. తర్వాత తెల్లచొక్కా ఆయన మైకు తీసుకుని జిల్లా జట్టుకి ఎంచిన పేర్లు చదివారు. రెండో పేరు ఉడతది. అది ఆమె అసలు పేరు కావడంతో మాలో ఎవరికీ వెంటనే అర్థం కాలేదు. ఆమే ముందు లేచి నిలబడింది. రన్నర్సు కప్పుతో జట్టు ఫోటోకి వరసగా నిలబడ్డారు. నేను కెమెరా ఎత్తి, ఆ మూడు మాటలూ గొంతులోకి వస్తుంటే మింగేసి, నోరు గట్టిగా మూసుకుని ఉన్నాను. అప్పుడు ఏడుగురూ కలిసి నన్ను చూసి "అక్కా, గడ్డం కిందికి" అని అరిచారు. ఆ ఫోటో కదిలిపోయింది. కదిలింది నేనే.

వేదాద్రి పెళ్లి ముగించుకుని మావయ్య ఎప్పుడొచ్చాడో నాకు తెలియదు. సంచి భుజాన వేసుకుని గీత అవతల నిలబడి ఉన్నాడు. పొద్దు వాలుతుంటే బండి మీద బయల్దేరాం. చిల్లకల్లు దాటాక ఆయన బండి నెమ్మది చేశాడు. ముఖ్య అతిథి దండ సంగతి తెలిసిపోయింది, ఇక తిట్లే అనుకున్నాను. అప్పుడన్నాడు.

"మనం తీసేదంతా రెండోసారి కట్టిన తాళేనే. నువ్వు తీసింది మొదటిసారిది."

ఆ తర్వాతి ఆదివారం మంచి కెమెరా నా బల్ల మీద పెట్టి, పాతది తను తీసుకుని పెళ్లికి వెళ్లాడు. ఆ ఫోటో ఒక పేపరు జిల్లా పేజీలో వచ్చింది. ఉడత తర్వాత చాలా ఏళ్లు ఆడింది. ఇప్పుడు పిల్లలకి ఆట నేర్పుతోంది. ఆల్బం మాత్రం వాళ్లక్కకి మొదటి బిడ్డ పుట్టాక ఇచ్చాం.

మావయ్య పోయిన ఏడు చనిపోయాడు. ఆ రోజు నేను వేరే ఊళ్లో ఆట తీస్తున్నాను. పెద్దకర్మకి పటం కట్టించడానికి ఇల్లంతా వెతికితే ఆయన ఫోటో ఒక్కటి లేదు. ఊళ్లో వేలమందికి గడ్డాలు దింపిన మనిషి, ఎవరైనా కెమెరా ఎత్తితే పక్కకి తప్పుకునేవాడు. చివరికి ఆ పాత కబడ్డీ ఫోటో పూర్తిది తెరిచాను. పేపరు వాళ్లు కత్తిరించిన వైపు, దుమ్ము వెనక, ఓ మూల ఆయన ఉన్నాడు. భుజాన సంచి, కొంచెం తెరిచిన నోరు, కళ్లు గీత మీద. మసగ్గానే ఉంది. దాన్నే పెద్దది చేయించాను. పటం చూడ్డానికి వచ్చినవాళ్లు అందరూ ఒకే మాట అడిగారు, ఎటో చూస్తున్నాడేంటమ్మా అని. ఆట చూస్తున్నాడండి అన్నాను.

మొన్న నందిగామ వెళ్లినప్పుడు పటానికి కొత్త దండ వేశాను. కొంచెం ఒరిగింది. రెండడుగులు వెనక్కి జరిగి, సరిగ్గా ఉందో లేదో చూస్తూ, ఇన్నేళ్ల తర్వాత, "ఇటు చూడు మావయ్యా, గడ్డం కొంచెం కిందికి" అన్నాను. అనేసి నాకే నవ్వొచ్చింది. ఆయన వినిపించుకోలేదు. ఆట చూస్తున్నాడు.